పొడుగు కూత

ఆ ఆదివారం పొద్దున మహిపాల్ వేసుకున్న పథకంలో గొడవకు తావే లేదు. హాలు ఊడవాలి, ఫోటోల మీది దుమ్ము తుడవాలి, సైరన్‌కు నూనె వేయాలి, పదింటికి తలుపులు తెరవాలి. మనిషన్నవాడు ఇంతకంటే బుద్ధిగా ఇంకేం అనుకుంటాడు చెప్పండి?

మహిపాల్ కామారెడ్డిలో ఒక వర్తక సంఘం గుమాస్తా. సంఘం పాత భవనం కింది హాల్లో రెండేళ్లుగా ఊరి పాత సామానంతా పోగేశాడు. బెల్లం తూచిన తక్కెడలు, మూతపడ్డ దుకాణాల రేకు బోర్డులు, బీడీ కట్టల మీది రంగురంగుల లేబుళ్లు, కార్ఖాన మెట్ల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ల ఫోటోలు. తలుపు మీద ‘మన ఊరి జ్ఞాపకాల గది’ అని రాయించాడు. ఇంట్లో భార్య కళ్యాణి మాత్రం దాన్ని పాత సామాన్ల దుకాణం అనేది. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఇన్నాళ్లూ ఆ గదిలోకి వచ్చినవాళ్లలో సగం మంది వానకు తలదాచుకోవడానికి వచ్చినవాళ్లే.

సంఘం అధ్యక్షుడు లక్ష్మీరాజం సేటుకు ఓపిక అయిపోయింది. బాలరాజు అనే వ్యాపారి సెల్‌ఫోన్ల షోరూం పెట్టుకుంటానని ఆ హాలు అడుగుతున్నాడు. “ఆదివారం తెరిచి పదిమందిని పిలువు. హాలు నిండితె నీది. నిండకపోతె సోమారం తాళంచెవి బాలరాజు చేతిల పెడ్త” అని సేటు తేల్చేశాడు. మహిపాల్ ఊరంతా కరపత్రాలు పంచాడు. పర్యాటక శాఖ అధికారి సుధారాణి గారిని స్వయంగా వెళ్లి పిలిచాడు. అయినా ఎవరూ రారేమోనన్న దిగులుతో వారం రోజులుగా అతనికి అన్నం సహించడం లేదు.

ఆ గదిలో అతనికి ప్రాణం ఆ సైరన్. ఎప్పుడో మూతపడ్డ బీడీ కార్ఖానది, చేత్తో తిప్పేది. దాని కింద ‘ఇది ఇప్పుడు ఎవరినీ పిలవదు’ అని అట్టముక్క మీద రాసి పెట్టుకున్నాడు కూడా. సుధారాణి గారు రాగానే చిన్నగా ఒక కూత వేయించాలని ఆశ. పని చేస్తుందో లేదో చూద్దామని తెల్లవారగానే నూనె పోసి ఒక్క చుట్టు తిప్పాడు. కదల్లేదు. పళ్లు బిగించి మళ్లీ తిప్పాడు. అంతే, అది అందుకుంది. పిడి వదిలేసినా ఆగదే! గోడలు అదిరాయి, పావురాలు లేచిపోయాయి, ఆ కూత రైలు పట్టాలు దాటి అవతలి వాడకట్టు దాకా పోయింది. మహిపాల్ మురిసిపోయాడు.

పాపం, అతనికి తెలియనిది ఒకటుంది. కార్ఖాన నడిచిన రోజుల్లో రెండు పొట్టి కూతలు వేస్తే, చేసిన బీడీలు తెచ్చి అప్పజెప్పమని. తెగకుండా ఒక్క పొడుగు కూత వేస్తే, బీడీలు చుట్టే ఆకు వచ్చింది, పనుంది, అందరూ రండని.

వెనక గల్లీలో ఉండే భూదవ్వ వాకిలి ఊడుస్తూ ఆ కూత వింది. చీపురు అక్కడే పడేసి ఎల్లారెడ్డిలో ఉన్న చెల్లెలు సాలవ్వకు ఫోను కొట్టింది. “సంఘం హాల్లకెళ్లి పొడుగు కూత ఏసిండ్రే. కార్ఖాన తెరిచినట్టున్నరు” అన్నది. ఆమె అన్నది అంతే. ఎల్లారెడ్డి వాడకట్టు దాటేసరికి ఆ కార్ఖానకు కొత్త సేటు వచ్చాడు. చాయ్ హోటల్ దగ్గర అతను పాతవాళ్లనే పనిలోకి తీసుకుంటున్నాడు. బస్‌స్టాండ్ చేరేసరికి ముందొచ్చినవాళ్లకే ఆకు అన్నాడట. ఆడవాళ్లకు బస్సు ఎలాగూ ఫ్రీ. జిరాక్స్ షాపాయన మొహం కూడా కడుక్కోకుండా ఆదివారం నాడు షట్టర్ ఎత్తవలసి వచ్చింది. భిక్నూర్‌కూ రాజంపేటకూ కబురు చుట్టాల ఫోన్లలో చేరింది.

పదింటికి మహిపాల్ తలుపు తెరిచి చూస్తే ఏముంది, రోడ్డు దాకా ఆడవాళ్లే. చంకలో చాటలు, చేతుల్లో సంచులు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. తన ఊరివాళ్లను ఇన్నాళ్లూ తక్కువగా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. లోపలికి పిలిచి, వచ్చినవాళ్ల పేర్లు రాసే పుస్తకం ముందుకు జరిపాడు. ఒక్కొక్కరే పేరు రాసి, వేలిముద్ర వేసి, ఆధార్ జిరాక్స్ ఒకటి బల్ల మీద పెట్టారు. చరిత్ర అంటే ఇంత గౌరవమా అని అతను ఆశ్చర్యపోయాడు. ఒకామె తన ఫోటోలు కూడా ఇచ్చింది. గోడకు పెట్టమంటుందేమోనని జాగ్రత్తగా పక్కన ఉంచాడు. ఇంకొకామె కోడలి పేరు కూడా రాయొచ్చా అని అడిగితే, వాడకట్టు మొత్తం రాయమన్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టి దీవించింది.

అప్పుడు సాలవ్వ ముందుకొచ్చింది. “పేర్లయితే రాసినం గని, ఆకు ఎప్పటిసంది ఇస్తరు బిడ్డా?”

“ఏం ఆకు అవ్వా?”

“పొడుగు కూత ఏస్తివి గద?”

మహిపాల్ వాళ్ల చంకల్లోని చాటలనూ బల్ల మీది ఆధార్ కట్టనూ అప్పుడు సరిగ్గా చూశాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. ఖాళీ హాలు చూపిద్దామని బాలరాజును వెంటబెట్టుకొచ్చిన లక్ష్మీరాజం సేటు గుంపును చూసి హడలిపోయాడు. ఆయనకు బీడీల కమీషన్ వ్యాపారం కూడా ఉంది మరి. వెనక దారిన సామాన్ల గదిలో దూరి అక్కణ్నుంచి ఫోను చేస్తున్నాడు. “హాలు అడిగితె నా మీదనే ధర్నా చేపిస్తవా?” అంటున్నాడు.  మహిపాల్ ఫోను పెట్టేసి స్టూలెక్కాడు.

“అవ్వలారా, తప్పు నాది. కార్ఖాన తెరవలే. గిది పాత వస్తువులు చూసే గది. నూనె ఏసి ఊకెనే తిప్పిన.”

ఆడవాళ్లు చాటలు చంకన సర్దుకుని సంచుల మూతులు ముడేశారు. తిట్టినా బాగుండేది. మహిపాల్ తల ఎత్తలేకపోయాడు.

“ఫోను రాంగనే ఇంట్ల మిగిలిన ఆకు నానవెట్టిన” అన్నది సాలవ్వ. “కొత్త సేటు చేతిపని చూపియ్యమంటడేమోనని. అంత సంబురంగ లేసి ఎన్నేండ్లాయెనో.” సైరన్ వంక చూసింది, అతని వంక చూసింది. “బస్సు నాలుగింటికి. అందాక చేతులు ఊకె వెట్టుకోని కూసుంటమా?”

కార్ఖాన మెట్ల ఫోటో కింద చతికిలబడి చాట ఒళ్లో పెట్టుకుంది. తడిగుడ్డ విప్పి ఆకు తీసి కత్తిరించసాగింది. పక్కన భూదవ్వ కూర్చుంది. ఆ పక్కన ఇంకొకరు, ఇంకొకరు, సంచుల్లోంచి ఎవరి ఆకు, తంబాకు వాళ్లే తీస్తూ. కాసేపటికి హాలంతా తంబాకు వాసన, కత్తెరల చప్పుడు, కోడళ్ల మీద ఫిర్యాదులు. ఫోటోల్లో ఉన్న వరసే కింద కూడా కూర్చున్నట్టుంది. మహిపాల్ స్టూలు దిగడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాడు.

సుధారాణి గారు వచ్చింది అప్పుడే. గడప దగ్గరే ఆగిపోయారు. ఎన్నో ప్రదర్శనలు చూశాను గానీ, పనివాళ్లే స్వయంగా కూర్చుని పని చూపించడం ఇదే మొదటిసారి అన్నారు. ఎవరి ఆలోచన అని అడిగారు. సామాన్ల గది తలుపు కిర్రుమంది. జుట్టు నిండా బూజుతో సేటు బయటికొచ్చి నమస్కారం పెట్టాడు.

“మా సంఘం ఏర్పాటే మేడం. ప్రతి ఆదివారం ఉంటది.”

“చాలా సంతోషం. మరి వీళ్లకు ఏమిస్తున్నారు?”

సేటు జుట్టులోని బూజు దులుపుకోసాగాడు. సాలవ్వ చేతిలోని బీడీకి దారం చుడుతూ, తల ఎత్తకుండానే అన్నది. “రోజు కూలి, పొద్దుగాల చాయ్, పగటీలి బువ్వ. పొద్దున్నే గద మాట్లాడుకున్నం సేటూ, మర్సిపోతివా?”

అధికారి ఎదురుగా సేటు తల అడ్డంగా ఎలా ఊపుతాడు? నిలువుగానే ఊపాడు. కూలిలో సగం తమ శాఖ భరించేలా రాస్తానన్నారు సుధారాణి గారు. వీళ్ల వివరాలు, ఆధార్ కాపీలు కావాలి, పోగుచేయడానికి ఎన్నాళ్లు పడుతుంది అని అడిగారు. మహిపాల్ బల్ల మీది కట్ట రెండు చేతులా ఎత్తి ఆమె ముందు పెట్టాడు. ఫోటోలతో సహా.

సోమవారం తాళంచెవి మహిపాల్ జేబులోనే ఉంది. బాలరాజు వేరే వీధిలో హాలు చూసుకున్నాడు. సాయంత్రం లక్ష్మీరాజం సేటు స్వయంగా వచ్చి సైరన్ కింది పాత అట్టముక్క పీకేసి కొత్త బోర్డు కొట్టించాడు. ‘ముట్టరాదు. ముట్టితే ఎల్లారెడ్డి బస్సు నిండును.’