అత్తగారి ఓటు

ఆ మంగళవారం పొద్దున్న కాలువల శాఖ మంత్రి అల్బాన్ రుకెత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. సాయంత్రం దాకా ఏమీ చెయ్యకూడదు. రాత్రికి కూడా మంత్రిగానే పడుకోవాలి.

పారిస్‌లో ఈమధ్య అదేమంత చిన్న కోరిక కాదు. ప్రభుత్వాలు ఒకదాని వెనక ఒకటి పడిపోతున్నాయి. మంత్రిగారి పేరు గుర్తుపెట్టుకోవడం దండగని శాఖలో వంటమనిషి అందరినీ "అయ్యగారూ" అని సరిపెడుతున్నాడు. అయినా పార్టీలో ఇరవై ఏళ్ళు గోడలకు పోస్టర్లు అంటించి, నచ్చని ప్రసంగాలకు కూడా చప్పట్లు కొట్టి సంపాదించుకున్న కుర్చీ అది. దాన్ని పోగొట్టుకునే ఉద్దేశం అల్బాన్‌కు లేదు.

ఆ మధ్యాహ్నం అవిశ్వాస తీర్మానం మీద ఓటింగ్. ప్రధాని కార్యాలయం లెక్క ప్రకారం ప్రతిపక్షానికి సరిగ్గా ఒక్క ఓటు తక్కువ. అల్బాన్ నిశ్చింతగా క్రోసాంట్ రొట్టెను కాఫీలో ముంచాడు. అది నోటిదాకా రాకముందే కార్యదర్శి మాక్సెన్స్ లోపలికొచ్చాడు. అప్పటికి ఆ గదిలోంచి నలుగురు మంత్రుల్ని సాగనంపిన మనిషి.

"సర్, మీ అత్తగారికి చెప్పారా?"

"ఏమని?"

"ఓటు గది వైపు వెళ్ళొద్దని."

క్రోసాంట్ సగం తెగి కాఫీలో మునిగింది.

సంగతేమిటంటే, ఫ్రాన్సులో ఎంపీగా నిలబడేవాళ్ళు పోస్టర్ మీద తమ ఫొటో పక్కన ఇంకొకరి ఫొటో వేసుకోవాలి. గెలిచినవాడు మంత్రి అయితే, నెల తిరిగాక ఆ పక్క ఫొటోలోని మనిషి వచ్చి అతని సీట్లో కూర్చుంటారు. అల్బాన్ తన పక్కన అత్తగారు ఒదీల్ కాస్తనే ఫొటో వేశాడు. ఊరి పురపాలక సంఘంలో ఆవిడ ముప్పై ఏళ్ళ సభ్యురాలు. పైగా భార్య సంతోషిస్తుంది. తాను మంత్రినవుతానని అప్పట్లో అల్బానే నమ్మలేదు. ఇప్పుడు అత్తగారు పార్లమెంటులో ఉంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. అవిశ్వాసం వచ్చినప్పుడు, ప్రభుత్వాన్ని పడగొట్టాలనుకునేవాళ్ళే వెళ్ళి ఓటేస్తారు. నిలబెట్టాలనుకునేవాళ్ళు కదలకుండా కూర్చుంటారు. అది ఎంపీలందరికీ తెలుసు. ఒదీల్ గారు ఎంపీ అయి పదకొండు రోజులైంది.

అల్బాన్ ఫోన్ తీశాడు.

"అత్తగారూ, ఇవాళ మీరు సభకి రాకండి. కాస్త విశ్రాంతి తీసుకోండి."

"నాకేమైందని విశ్రాంతి?"

"ఏం కాలేదు. ఎండ ఎక్కువగా ఉంది కదా అని."

"నవంబర్లో ఎండేమిటయ్యా? నేను రావడం నీకు నామోషీగా ఉందా? మొన్న ఆర్థికమంత్రి మాట్లాడుతుంటే కునుకు తీశాననా?"

"ఛఛ, అందరూ తీస్తారండీ. ఇవాళ ఓటింగ్ ఉంది. మీరు మాత్రం వెయ్యకండి."

"ఓటు వెయ్యొద్దా? మీ ఆవిడ పుట్టిన మర్నాడు పసిగుడ్డును చంకనేసుకుని వెళ్ళి ఓటేసొచ్చానయ్యా నేను!"

కారణం చెప్పడానికి అల్బాన్ నోరు తెరిచాడు. అంతలో ఇంకో ఫోన్‌లో ప్రధాని లైన్లోకొచ్చాడు. "మళ్ళీ చేస్తానండీ" అని అల్బాన్ అత్తగారి ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు. మాక్సెన్స్‌ని పిలిచి, "ఆవిణ్ణి మంచి హోటల్‌కి తీసుకెళ్ళు. ఓటింగ్ అయ్యేదాకా కుర్చీలోంచి లేవనివ్వకు" అని పంపించాడు.

మాక్సెన్స్ పనిమంతుడు. పార్లమెంటు వెనక సందులో ఉన్న హోటల్లో బాతు తెప్పించాడు. ఆ తర్వాత చీజ్. ఆ తర్వాత ఇంకో ఊరి చీజ్. ఆపిల్ కేకు. ఒదీల్ గారు ఫోర్కు కింద పెట్టింది.

"బాబూ, మా ఊళ్ళో మనిషికి ఇంత తిండి రెండుసార్లే పెడతారు. పెళ్ళికీ, చావు కబురు చెప్పేముందూ. ఇది ఏది?"

"ఏదీ కాదు మేడమ్. మీరు ఐస్‌క్రీమ్ తినాలి."

అప్పుడే బల్ల మీదున్న అతని ఫోన్ వెలిగింది. తెర మీద ఒకే వాక్యం: 'ఒక్క ఓటు తేడా, మన మంత్రి పదవి గాల్లో ఉంది.'

ఒదీల్ గారికి అంతా అర్థమైపోయింది. అంటే, అర్థమైందని ఆవిడ అనుకుంది. పాపం అల్లుడు. ఒక్క ఓటు తక్కువై మునిగిపోతూ కూడా పెద్దావిడను కష్టపెట్టలేక విశ్రాంతి తీసుకోమన్నాడు!

"నేను వెళ్ళి ఓటెయ్యాలి."

"వద్దు మేడమ్! మీరు కూర్చోవడమే ఆయనకి సాయం!"

"కూర్చుంటే సాయమా? మా పురపాలక సంఘంలో నాతో ఆ మాటన్నవాళ్ళందరూ అవతలి పార్టీవాళ్ళే. నీకెంత ముట్టిందయ్యా?"

మాక్సెన్స్ మొహం ఎర్రబడింది. అతను నియమాలు మొదటినుంచీ వివరించబోతుంటే, చేతులు కడుక్కొస్తానని ఆవిడ లేచింది. వంటగది తలుపులోంచి సందులోకి, సందులోంచి పార్లమెంటులోకి వెళ్ళిపోయింది. ఇవతల బల్ల మీద ఐస్‌క్రీమ్ కరిగింది.

ఓటు గదిలో, మెడలో గొలుసు వేసుకున్న బంట్రోతు ఆవిడ పేరున్న చీటీ అందించాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"అవునూ, కాదూ అని గళ్ళు లేవేమిటి?"

"ఉండవు మేడమ్. మీ పేరే మీ ఓటు."

"అదీ పద్ధతి!" అంది ఆవిడ మెచ్చుకుంటూ. ఎంపీకి సలహా ఇచ్చే అధికారం బంట్రోతుకు లేదు. వరుసలో ముందున్న ప్రతిపక్ష సభ్యుడు ఆవిణ్ణి గుర్తుపట్టి, నోరెళ్ళబెట్టి పక్కకు తప్పుకున్నాడు.

"మీరు... నిజంగానే వేస్తారా?"

"వెయ్యక? సొంతవాళ్ళ కోసం ఆమాత్రం చెయ్యనా?"

ఆ మాటకు అర్థం ఏమిటో అతను ఆలోచిస్తుండగానే చీటీ పెట్టెలో పడింది.

సాయంత్రానికి ప్రభుత్వం కూలిపోయింది. ఒకే ఒక్క ఓటుతో. అల్బాన్ టీవీ ముందు నిలబడే ఉన్నాడు. మాక్సెన్స్ రొప్పుకుంటూ వచ్చాడు.

"చేతులు కడుక్కుంటున్నారనుకున్నాను, సర్!"

"గంటన్నరా?"

బయట వసారాలో ఒదీల్ గారి చుట్టూ ఇరవై మైకులున్నాయి. "సొంత అల్లుణ్ణి కూడా చూడకుండా మనస్సాక్షి ప్రకారం ఓటేశారట కదా?" అని ఎవరో అడిగారు. ఏం జరిగిందో ఆవిడకు ఆ క్షణంలో తెలిసింది. కానీ మైకు ముందు పొరపాటు ఒప్పుకోకూడదని పురపాలక సంఘం ఆవిడకు ముప్పై ఏళ్ళపాటు నేర్పింది.

"కుటుంబం వేరు, దేశం వేరు" అంది.

దేశం ఆవిణ్ణి నెత్తిన పెట్టుకుంది. ఫోన్లో అల్లుడు మాత్రం పెట్టుకోలేదు.

"వెయ్యొద్దని చెప్పాను కదండీ!"

"ఎందుకో చెప్పావా? కారణం చెప్పకుండా ఓటెయ్యొద్దంటే ఎవరైనా వేస్తారు."

"నా పదవి పోయిందండీ, అత్తగారూ."

"ఆదివారం భోజనానికి రా. బాతు చేస్తాను" అంది ఆవిడ. ఆ బాతు తినలేనని అల్బాన్ ఫోన్ పెట్టేశాడు.

కొత్త ప్రధాని దొరకడానికి రెండు వారాలు పట్టింది. మంత్రులు దొరకడం ఇంకా కష్టమైంది. ఏ పేరు చెప్పినా ఏదో ఒక పార్టీ అడ్డుపడింది. ఒక్క పేరుకు మాత్రం ఎవరూ అడ్డుపడలేదు. ప్రతిపక్షం ఆవిణ్ణి వీరనారి అంటోంది. పాలకపక్షం, మనమనిషే కదా అంది.

అలా ఒక శుక్రవారం కాలువల శాఖ భవనం మెట్ల మీద, ఆనవాయితీ ప్రకారం, పాత మంత్రి కొత్త మంత్రికి ఎదురెళ్ళి చెయ్యి కలిపాడు. సిబ్బంది చప్పట్లు కొట్టారు. "నా శాఖను నాకంటే సమర్థురాలి చేతుల్లో పెడుతున్నాను" అని అల్బాన్ కాగితం చూసి చదివాడు. ఆ వాక్యం రాసింది మాక్సెన్స్. అతను అప్పటికే రెండడుగులు జరిగి కొత్త మంత్రి వెనక నిలబడ్డాడు.

ఒదీల్ గారు అల్లుడి చెవి దగ్గరకు వంగింది.

"మొహం అలా పెట్టకయ్యా. మంత్రి పదవి పోయినవాడికి నెల తిరిగేసరికి ఎంపీ సీటు తిరిగొస్తుందట. మాక్సెన్స్ చెప్పాడు. మళ్ళీ ఓటు నీదే."

ఆ రోజు మొదటిసారి అల్బాన్ నవ్వాడు. అత్తగారికి ఆ నవ్వు ఎందుకో నచ్చలేదు.

నెల తిరిగింది. సీటు వచ్చింది. ఆ మరుసటి వారమే కొత్త ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఓటు గది తలుపులు తెరిచేసరికి, వరుసలో అందరికంటే ముందు అల్బాన్ ఉన్నాడు.