సర్కారు ముద్ర పడిన సజ్జ అప్పాలు

ఆ ఆదివారం పొద్దున మాలకొండయ్య తలపెట్టిన పని చాలా చిన్నది. పట్టీకి ఉండే సర్కారు ఇత్తడి బిళ్ళను చింతపండుతో తోమి తళతళలాడించాలి, ఆ తర్వాత అరుగు మీద కూర్చుని సగంలో ఉన్న ఉట్టి అల్లిక పూర్తి చేయాలి. వారమంతా తాసిల్దారు వెనక బిళ్ళ బంట్రోతుగా తిరిగి అరికాళ్ళు అరగదీసుకునే మనిషికి, ఆదివారం నాడు జనపనార ముందేసుకుని ముడులు వేయడంలో ఉన్న సుఖం అత్తారింట్లో కూడా దొరకదు. ఆయన అల్లిన ఉట్లు ఇంట్లో దూలానికి వరసగా వేలాడుతుంటాయి. వాటిలో పెట్టడానికి కుండలే చాలవు.

ఆయన భార్య కాశమ్మకు ఇంకో పిచ్చి. ఇంటి పని తీరిందంటే చాలు, సజ్జపిండిలో బెల్లం పాకం పోసి, నువ్వులు చల్లి, అప్పాలు తట్టాలి. తట్టి ఊరుకుంటే అది వేరే సంగతి. ప్రతి అప్పం మీదా అచ్చు పడాలి. దువ్వెన పళ్ళు, గాజుల అంచులు, తాళంచెవి, కుంకుమభరిణె మూత, ఇంట్లో గట్టిగా ఉన్న వస్తువు ఏదీ పిండిలో దిగకుండా మిగల్లేదు. ఆవిడకున్న దిగులల్లా ఒకటే. ఇంత కష్టపడి అచ్చులు వేస్తే, తినేవాళ్ళు ఒక్కరైనా అప్పం వైపు చూడరు. మాట్లాడుతూనే నోట్లో వేసుకుంటారు.

మాలకొండయ్య దిగులు అంతకంటే పెద్దది. పుల్లలచెరువుకు ఇవతల ఉన్న వాళ్ళ ఊళ్ళో మర్నాడు తాసిల్దారు మకాం. ఊళ్ళోనే ఉండే మల్లయ్య అనే రైతుకు, సాక్ష్యానికి రమ్మనే సమను ఏడాదిగా అందడం లేదు. గట్టు తగాదాలో అతను సాక్షి. తగాదా పడ్డవాళ్ళలో ఒకడు అతని బావ, ఇంకొకడు మేనమామ. ఎవరి తరఫున నోరు విప్పినా రెండోవాళ్ళ ఇంట్లో మళ్ళీ మంచినీళ్ళు పుట్టవు. అందుకని బంట్రోతు తలగుడ్డ వీధి మొగలో కనబడితే చాలు, మల్లయ్య దొడ్డిగోడ దూకి నల్లమల దారి పట్టేవాడు. సమను ప్రతిసారీ వెనక్కి వచ్చేది. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన కొత్త తాసిల్దారు పోయిన వారం ఒక్క మాటతో తేల్చేశాడు.

"ఈసారీ ఆ మనిషికి సమను అందలేదంటే, నీ బిళ్ళ నా చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపో."

ఆ బిళ్ళ మాలకొండయ్య వాళ్ళ నాయన మోసింది. నాయన పోయాక కొడుక్కి వచ్చింది. ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదే. కనీసం బిళ్ళయినా మెరుస్తుంటే దొర మనసు కాస్త మెత్తబడుతుందని ఆశపడి, ఆయన కొయ్యకు తగిలించిన పట్టీ అందుకున్నాడు. పట్టీ ఉంది. బిళ్ళ లేదు.

"ఏమే, బిళ్ళ ఏది?"

"ఆడనే గూట్లో ఉంది చూడు. కడిగే పెట్టినా."

"నువ్వు కడిగేదేంది?"

"జిడ్డయింటే కడగొద్దా?"

"ఇత్తడి బిళ్ళకు జిడ్డెట్ల అయితది?"

కాశమ్మ పెద్ద నేరం చేసినట్టు కాకుండా, పెద్ద ముచ్చట దాచుకున్నట్టు తల దించుకుంది. మాలకొండయ్య గూట్లోంచి బిళ్ళ తీసి చూశాడు. నడుమ ఉన్న చక్రవర్తి కిరీటంలో రెండు నువ్వుగింజలు ఇరుక్కుని ఉన్నాయి. పొయ్యి దగ్గర చాట నిండా అప్పాలు. ప్రతి అప్పం మీదా కిరీటం, చుట్టూ గుండ్రంగా సర్కారు అక్షరాలు.

"ఎంత కుదురుగా పడిందో చూడు," అంది కాశమ్మ. "నా జన్మలో ఇంత మంచి అచ్చు పడలేదు."

"రాజుగారి కిరీటాన్ని నూనెలో ఏయించినావు గదే," అన్నాడు మాలకొండయ్య. "దొరకు తెలిస్తే సమను సంగతి తేలేదాకా కూడా ఆగడు. ఇంకెవరికీ పెట్టలేదు గదా?"

"మొదటి వాయి పదిమందికి పెట్టకుండా మనమే తింటామా? మల్లయ్య చిన్నాయన ఇంటికి ఒకటి ఇచ్చినా. గొర్లు తోలుకపోతాంటే నాగయ్యకు ఒకటి పెట్టినా. అంతే."

మాలకొండయ్య బిళ్ళను చింతపండు నీళ్ళలో పడేసి, చాటలో ఉన్నవన్నీ సాయంత్రంలోగా ఇంటిల్లిపాదీ తినేయాలని చెప్పి, ఖాళీ పట్టీ అలవాటుగా ఛాతీకి తగిలించుకుని, పంచె ఎగగట్టి వీధిన పడ్డాడు.

మల్లయ్య ఇంటి ముందు ఆయనకు ఒక విడ్డూరం కనిపించింది. ఏడాదిగా నీడ కూడా చిక్కని మల్లయ్య, నడవాలో మంచం మీద తాపీగా కూర్చుని ఉన్నాడు. ముందు పళ్ళెం, పళ్ళెంలో అప్పం. భార్య రాములమ్మ గుమ్మానికి ఆనుకుని కళ్ళొత్తుకుంటోంది. మల్లయ్య బంట్రోతును చూసి దూకలేదు సరికదా, మంచం మీద జరిగి చోటిచ్చాడు.

"చిన్నాయనా, ఆ అప్పం ఇట్ల ఇచ్చెయ్. పొరపాటున వచ్చింది," అన్నాడు మాలకొండయ్య.

"పొరపాటు కాదులే అబ్బాయ్, నీ తెలివి," అన్నాడు మల్లయ్య. "నువ్వొస్తే మైలు దూరం నుంచే కనిపెడతా. ఆడకూతురు పళ్ళెం మీద గుడ్డ కప్పుకోని వస్తే ఎవురనుకుంటారు? చేతులు చాపి తీసుకుంటి. గుడ్డ తీస్తే సర్కారు ముద్ర. చేతికి ముట్టినాక ఇంకేముంది, సమను ముట్టినట్టే."

"అది గాదు చిన్నాయనా, తొందరగా ఇయ్యి."

"ఇస్తా. పద్ధతి ప్రకారమే ఇస్తా."

మల్లయ్య లేచి పొయ్యి మీది కుండ అడుగు గీకి, బొటనవేలికి మసి పూసుకుని, అప్పం వెనక నొక్కిపట్టి ముద్ర వేశాడు. అది ఆరేలా రెండుసార్లు ఊది, మాలకొండయ్య చేతిలో పెట్టాడు. ఈ మాటలన్నీ మాలకొండయ్య చెవిన పడ్డాయే గాని బుర్రకెక్కలేదు. కాశమ్మ చేసిన తప్పుకు ఒక సాక్ష్యం చేతికి చిక్కింది, ఆయనకు అదే పదివేలు. అసలు సమను కాగితం రొండిని దోపుకుని ఉండగా, దాని తాలూకు మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, ఆయన పరుగున బయటికి వచ్చాడు. సందు మలుపులో నిలబడి అటూ ఇటూ చూసి, అప్పాన్ని మసితో సహా నాలుగు బుక్కల్లో తినేశాడు. రుచి మాత్రం అమోఘంగా ఉందని ఒప్పుకోక తప్పలేదు.

ఇక నాగయ్య అప్పం. నాగయ్య గొర్రెల కాపరి. అడవిలో గొర్రెలు మేపాలంటే పర్మిట్టు కావాలి, నాగయ్యకు అది ఎన్నడూ లేదు. అందుకని ఊరి బీడులోనే ఉంటాడనుకుని వెళితే అక్కడ గొర్రె కాదు కదా, గొర్రె పెంటిక కూడా లేదు. మాలకొండయ్య ఆయాసపడుతూ అడవి గేటు దాకా నడిచాడు. గేటు దగ్గర కాపలా గార్డు కర్రకుర్చీలో కూర్చుని, ఎదురుగా రాతి మీద సగం అప్పాన్ని ఆకు పరిచి భద్రంగా పెట్టుకున్నాడు.

"నాగయ్య ఏడన్నా?"

"లోపలికి పోయినాడు. ఇన్నాళ్ళకు పర్మిట్టు తెచ్చినాడు మహానుభావుడు," అన్నాడు గార్డు. "ఇదో, సగం విరిచి నా దగ్గర పెట్టుకున్నా. సగం ఆయనకిచ్చినా. రూలు."

"అది అప్పమన్నా. తినేది."

"నాకు తెల్దా? వాసనొస్తాంది గదా. కాగితాలు చెదలు తింటన్నాయని ఈసారి ఇట్ల మార్చినట్టుంది."

"దాని మీద ఏముందో చదివినావా?"

"చదివేదానికి అది తెలుగైతే గదా. తెలుగు నాకొచ్చు. ఇది ఇంగ్లీషు."

మాలకొండయ్య వంగి చూశాడు. బిళ్ళ మీద చెక్కింది తెలుగే. కాకపోతే పిండిలోకి దిగేసరికి అక్షరాలన్నీ కుడి ఎడమై, తలా తోకా తెలియకుండా ఉన్నాయి. ఆ సగం ఇచ్చెయ్యమని బతిమాలాడు. గార్డు ఒప్పుకోలేదు. తనిఖీకి పైవాళ్ళు వస్తే ఏం చూపించాలని ఎదురు ప్రశ్న వేశాడు.

"ఇంకోటి," అన్నాడు గార్డు, మాలకొండయ్య వెనక్కి తిరుగుతుంటే. "ఈ పర్మిట్లు మీ ఇంట్లోనే ఇస్తన్నారని నాగయ్య దోవ పొడుగునా చెప్పుకుంటా పోయినాడు. నా దగ్గరికి పర్మిట్టు లేకుండా వచ్చినోళ్ళనందర్నీ ఆడికే పంపినా."

మాలకొండయ్య ఊళ్ళోకి వచ్చేసరికి ఆయన ఇంటి ముందు గొంగళ్ళు, దుడ్డుకర్రలు, గొర్రెలు, మేకలు కలిసి వీధి మూసుకుపోయి ఉంది. కాపరులు వరసలో నిలబడ్డారు. కాశమ్మ పొయ్యిని వాకిట్లోకి మార్చి, చెమటలు కక్కుతూ అప్పాలు తట్టి, బిళ్ళ నొక్కి, నూనెలో వేస్తోంది. మొగుణ్ణి చూడగానే ఆవిడ మొహం వెలిగిపోయింది.

"చూడు, ఒక్కరన్నా నోట్లో పెట్టుకుంటన్నారేమో చూడు," అంది. "తిప్పి తిప్పి చూసి, కళ్ళకద్దుకోని తలగుడ్డలో దాచుకుంటన్నారు. ఇన్నేండ్లకు నా అచ్చు విలువ తెలిసింది జనానికి. చింతపండులో నానినాక బిళ్ళ ఇంకా బాగా పడతాంది."

ఆవిడ సంతోషం చూసి మాలకొండయ్యకు కోపం కూడా సరిగ్గా రాలేదు. ఏడుపు మాత్రం రాబోయింది. అది వచ్చేలోపే వీధి మొగలో గుర్రం సకిలించింది. రేపు రావలసిన తాసిల్దారు ఆ సాయంత్రమే దిగాడు.

దొర గుర్రం దిగి నాలుగడుగులు వేయగానే, కాపరులంతా ఎందుకైనా మంచిదని తలగుడ్డల్లోంచి అప్పాలు తీసి పైకెత్తి చూపించారు. దొర ఒక అప్పం అందుకుని కిరీటం చూశాడు. బంట్రోతు ఛాతీ మీద పట్టీ చూశాడు. పట్టీ మీద బిళ్ళ ఉండవలసిన చోట ఖాళీ చూశాడు.

"నీ బిళ్ళ ఏదయ్యా?"

కాశమ్మ చివరి అప్పం మీద నుంచి బిళ్ళ లాగి, కొంగుతో తుడిచి, వినయంగా దొర చేతికే ఇచ్చింది.

"ఇదో సామీ. నా పనైపోయింది."

దొర చేతికి నూనె అంటింది. ఆయన రుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, "సమను అందించావా?" అని అడిగాడు.

మాలకొండయ్య రొండిలోంచి కాగితం తీశాడు. మడత కూడా విప్పని సమను. ఇన్నాళ్ళూ చిక్కని మల్లయ్య పొద్దున మంచం మీద జరిగి చోటిచ్చిన సంగతి ఆయనకు అప్పుడు గుర్తుకొచ్చింది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. దొర బిళ్ళను రుమాల్లో చుట్టి జేబులో వేసుకోబోయాడు. మాలకొండయ్యకు నాయన మొహం కళ్ళ ముందు కనబడింది.

అప్పుడే కాపరులను తప్పించుకుంటూ, ఉతికిన పంచె కట్టి, చంకలో సద్దిమూట పెట్టుకుని మల్లయ్య వచ్చి దండం పెట్టాడు.

"సమను ముట్టింది దొరా, వచ్చినా. బావ ఏమనుకున్నా, మామ ఏమనుకున్నా, ఇంక చూసింది చూసినట్టు చెప్తా."

"సమను వీడి చేతిలోనే ఉంది కదయ్యా. నీకెలా ముట్టింది?"

"కాగితం కాదు దొరా, అప్పం. ఇంటికి పంపినారు. వేలిముద్ర ఏసి బంట్రోతు చేతికే ఇచ్చినా."

దొర మాలకొండయ్య వైపు తిరిగాడు. "వేలిముద్ర ఏది?"

"తినేసినా దొరా," అన్నాడు మాలకొండయ్య.

దొర దగ్గరికి వచ్చి ఆయన మొహంలోకి పరీక్షగా చూశాడు. పెదాల మీద, మీసం కొసన మసి ఇంకా ఉంది. కచ్చేరిలో దస్తావేజు చూసినట్టు కళ్ళద్దాలు సవరించుకుని మరీ చూశాడు. ఏడాదిగా సర్కారుకు దొరకని సాక్షి ఎదురుగా సద్దిమూటతో నిలబడి ఉన్నాడు. ఇక సమను అందలేదని రాయడం ఎలా?

ఆయన ముందుగా కాపరులందరినీ ఆ పర్మిట్లు అక్కడికక్కడే తినేయమని హుకుం చేశాడు. తిన్నారు. తిని, మళ్ళీ వరసలో నిలబడ్డారు. తన చేతిలో ఉన్నదాన్ని ఏం చేయాలో తెలియక దొర కూడా ఒక పక్క కొరికాడు, తర్వాత మిగతా పక్కలు. అప్పుడు గుర్రం మీది సంచీ తెప్పించి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి 'ఆసామి లేడు' అని తిరిగొచ్చిన సమన్ల కట్ట బయటికి తీశాడు. దాన్ని మాలకొండయ్యకు ఇవ్వబోయి, చెయ్యి ఆపి, కట్టను, దాని మీద బిళ్ళను కాశమ్మ చాటలో పెట్టాడు.

"సజ్జలు ఇంకా ఉన్నాయా అమ్మా?" అని అడిగాడు.

ఆ ఏడు ఆ ప్రాంతంలో సమను అందలేదన్న ఆసామి ఒక్కడూ లేడు. తమ మీద ఏ తగాదా లేకపోయినా తమకూ ఒక సమను పంపమని మాత్రం కొందరు అర్జీలు పెట్టుకున్నారు.