షాలేమ్ తాళాలు మార్చిన రోజు

కామత్‌ఘర్‌లో షేరింగ్ ఆటో ఎక్కేటప్పటికే షాలేమ్ ఆ రోజు పనిని మనసులో పేర్చుకున్నాడు. మధ్యాహ్నం మూడింటికి ముంబై నుంచి కంప్యూటర్ల భద్రత చూసే తనిఖీ మనిషి వస్తాడు. ఆలోగా కాల్హేర్ గోదాంలోని పదకొండు కంప్యూటర్ల అడ్మిన్ తాళాలు మార్చెయ్యాలి. ఇన్నేళ్లూ అన్నిటికీ, ఏ మార్పైనా చేయగలిగే అడ్మిన్ ఖాతా ఒకటే, పాస్‌వర్డూ ఒకటే. అది చాయ్ తెచ్చే మనిషికి కూడా తెలుసు. పోయిన నెల పక్క గోదాంలో ఎవరో దొంగలు అలాంటి ఖాతాతోనే కంప్యూటర్లలోకి దూరి, ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడుగుతూ కూర్చున్నారు. అప్పటి నుంచి గోదాం యజమాని సేఠ్‌కు కంటిమీద కునుకు లేదు. షాలేమ్‌కూ లేదు, కాని కారణం వేరు. తనిఖీలో తప్పు దొరికితే షాలేమ్ చూసే కంప్యూటర్ల పని బయటి కంపెనీకి ఇచ్చేస్తానని సేఠ్ అన్నాడు. నలభై ఆరేళ్ల వయసులో మళ్లీ మగ్గాల షెడ్డుకు వెళ్లడం ఎలాగో అతనికి తోచలేదు. ఆ దిగులు మనసులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు.

పని మాత్రం శ్రద్ధగా చేశాడు. ఒక్కొక్కరికి మామూలు ఖాతా తెరిచి, పాస్‌వర్డు చీటీ మీద రాసి చేతికిచ్చాడు. "ఇది నీది. దాచిపెట్టుకో. ఇగ నన్ను అడగొద్దు," అన్నాడు బిల్లులు కొట్టే రోజాతో. అడ్మిన్ ఖాతా తనకొక్కడికే ఉంచుకున్నాడు. దాన్ని తెరవాలంటే పాస్‌వర్డుతో పాటు తన ఫోన్‌లోని యాప్ చూపించే కోడ్ కూడా కొట్టాలి. ఫోన్ పోతే ఎలా? అందుకని అవసరానికి, కోడ్ అక్కర్లేని మరో అడ్మిన్ ఖాతా చేసి, దాని ఇరవై నాలుగు అక్షరాల పాస్‌వర్డు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, మేనేజర్ వీరయ్యకు ఇచ్చాడు.

"అన్నా, నాకేమన్న అయితెనే దీన్ని తియ్యాలె. అప్పటిదాక ఎవ్వలకు చూపియ్యకు."

వీరయ్య కవరు వంకా, షాలేమ్ పీక్కుపోయిన మొహం వంకా చూశాడు. "నీకేమైతది తమ్మీ? మంచిగనే ఉన్నవు గదా?"

"ఉన్న గని, రేపటి సంగతి ఎవలకెరుక అన్నా?" అని షాలేమ్ ఒక్కడే మిద్దె మెట్లెక్కాడు. ఇంటర్నెట్ డబ్బా అక్కడే ఉంది. దాని అడ్మిన్ పాస్‌వర్డు కూడా మార్చాలి.

వీరయ్య అనుమానమొచ్చి రోజా దగ్గరికి పరుగెత్తాడు. ఆమె చీటీ చూపించి, "ఇగ నన్ను అడగొద్దన్నడు సార్," అంది. మిగతావాళ్లూ చీటీలు తీశారు. అందరికీ అన్నీ అప్పజెప్పి మిద్దె ఎక్కాడన్నమాట! వీరయ్య వెంటనే షాలేమ్ భార్య జాస్మిన్‌కు ఫోన్ చేశాడు.

"నీ మొగడు ఉత్తరం రాసిచ్చి మిద్దె మీదికి పోయిండు బిడ్డా! జల్ది రా!"

మూటలు మోసేవాళ్లు సగం నింపిన లారీని వదిలేసి పైకి ఉరికారు. రెండు సందుల అవతల ప్యాకింగ్ పనిలో ఉన్న జాస్మిన్ చెప్పుల్లేకుండా వచ్చింది. అప్పటికి షాలేమ్ పని ముగించి, ఖాతా మూసేసి, సిగ్నల్ చూద్దామని పిట్టగోడ మీంచి వంగి ఫోన్ బయటికి చాచి ఉన్నాడు.

"దుంకకు కొడుకా!" అంటూ గోదాం ఊడ్చే వెంకవ్వ వెనకనుంచి నడుం పట్టుకుంది. ఫోన్ జారి కింద పడింది. లోపలికొస్తున్న మరో లారీ చక్రం దాని మీంచి వెళ్లింది.

"నేనేడ దుంకుతున్ననే అవ్వా! సిగ్నల్ చూస్తున్న!"

ఒక్కరూ నమ్మలేదు. జాస్మిన్ అతని కాలరు పట్టుకుంది. "ఏంది గిది? ఏం తక్కువైందని?"

నలభై మంది ముందు షాలేమ్ దాచుకున్న దిగులు బయటపెట్టాడు. "నౌకరీ పోతదేమోనని బుగులు పట్టుకుంది," అన్నాడు. అది నిజమే. కాబట్టి మిగతాదంతా కూడా నిజమేనని అందరూ అనుకున్నారు.

"పోతే పోనీ. నాకొక్క మాట చెప్పకపోతివి," అని ఆమె ఏడ్చింది. ఆమెను చూసి అతనూ ఏడ్చాడు. పక్కనున్నవాళ్లు తలలు దించుకుని నిలబడ్డారు. కింద లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

కిందికి దిగాక గాని అతనికి అసలు సంగతి తట్టలేదు. కోడ్ ఇచ్చే యాప్ ఆ ఫోన్‌లోనే ఉంది. కొత్త ఫోన్ కొన్నా ఆ కోడ్ రాదు.

"అన్నా, ఆ కవర్ ఏది?"

"కాల్చేసిన. బూడిద గూడ మోరీల పారబోసిన. అసువంటి రాత ఇంకెప్పుడు రాయకు."

"సదివినవా?"

"నాకు ధైర్యం సాలలే తమ్మీ."

ఆ ఇరవై నాలుగు అక్షరాలు షాలేమ్‌కూ గుర్తులేవు, ఇంకెక్కడా రాసిపెట్టుకోలేదు.

మూడింటికి తనిఖీ మనిషి సిద్ధార్థ వచ్చాడు. అందరికీ తెలిసిన పాత పాస్‌వర్డు కొట్టాడు, పనిచెయ్యలేదు. రోజా కంప్యూటర్లోంచి అడ్మిన్ ఖాతాలోకి దూరాలని చూశాడు, కుదరలేదు. రెండు గంటలు తంటాలు పడి, చివరికి అడ్మిన్ ఖాతా తెరిచి చూపమని షాలేమ్‌ను గట్టిగా అడిగాడు. సేఠ్ పేరు చెప్పి బెదిరించాడు.

ఇక దాచి లాభం లేదనుకున్నాడు షాలేమ్. "నాతోని కాదు సార్," అన్నాడు తలవంచుకుని, వచ్చిన హిందీలో.

సిద్ధార్థ దాన్ని 'తెరవను' అన్నట్టుగా విని, లేచి చెయ్యి కలిపాడు. ఎవరు ఎంత బెదిరించినా అడ్మిన్ ఖాతా తెరవకుండా ఉంటాడా అన్నదే ఆ తనిఖీలో చివరి పరీక్ష. ఇంత గట్టి మనిషిని ఎక్కడా చూడలేదని రిపోర్టులో రాసుకుపోయాడు.

సాయంత్రం సేఠ్ ఫోన్ చేసి, బయటి కంపెనీ ఊసు ఇక లేదనీ, బతికున్నన్నాళ్లూ ఆ ఖాతాకు షాలేమే కాపలా అనీ చెప్పాడు. గోదాం అంతా చప్పట్లు కొట్టింది. షాలేమ్ మాత్రం నవ్వలేదు. అతను కాపలా కాయాల్సిన ఖాతాను తెరవగలిగినవాడు ఈ లోకంలో ఇక ఎవడూ లేడు, అతనితో సహా.