మేయర్ గారు తాగని గ్లాసు

గ్రుండెల్ బీరు కంపెనీ ఇంకో వందేళ్ళపాటు మూతపడదని మేయర్ టీట్జ్ గారు సోమవారం పొద్దున గేటు ముందు మైకులో ప్రకటించారు. అది మూతపడే స్థితిలో ఉందని ఊరికి తెలిసింది అప్పుడే.

లోపల నిలబడి విన్న కాజ్ జెలిన్‌స్కీకి చెమట పట్టింది. రాగి కాగుల దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళుగా బీరు కాస్తున్నాడు. యూనియన్ నాయకుడు కూడా. ముప్పై ఏళ్ళు నిండితే పెన్షను. ఈలోగా గేటుకు తాళం పడితే సున్నా.

"వందేళ్ళు ఎవడికి కావాలిరా, రెండేళ్ళు చాలు" అన్నాడు పక్కనున్న హెర్బ్‌తో.

"నది మీద వంతెనకీ వందేళ్ళే ఇచ్చాడు. ఇప్పుడు పడవలో వస్తున్నాం కదా" అన్నాడు హెర్బ్.

ఆ కంపెనీలో ఒక ఆచారం ఉంది. షిఫ్టులో ఉన్నవాడికి బీరు ఉచితం, ఎంత తాగితే అంత. దానికో గది, గదిలో ఓ కుళాయి. కాజ్ తాత రోజుల్లో యజమాని ఆ కుళాయికి తాళం వేస్తే, కార్మికులు విస్కాన్సిన్ మంచులో పదకొండు వారాలు సమ్మె చేసి తీయించారు. తర్వాత ముగ్గురు యజమానులు ప్రయత్నించి భంగపడ్డారు.

సాధించినవాడు న్యూయార్కు నుంచి దిగిన కొత్త యజమాని ప్రెస్కాట్ దొర. ఆయన తాళం వెయ్యలేదు. నలభై రోజులు మాగాల్సిన బీరును పది రోజుల్లో సీసాకెక్కించాడు. బార్లీ తగ్గించి మొక్కజొన్న పాకం పోశాడు. నురుగు చచ్చిపోతే, అది నిలబడటానికి ఏదో పొడి కలిపాడు. ఏడాది తిరక్కుండా కుళాయి దగ్గర నరమానవుడు లేడు. అందరూ ఇంటినుంచి కాఫీ తెచ్చుకుంటున్నారు. డెబ్బై ఏళ్ళుగా ఎవరికీ చేతకాని క్రమశిక్షణ అది.

"సొంత పనివాళ్ళే ముట్టని బీరు" అని పేపర్లో పడింది. మేయర్ గారూ దొరా గంటసేపు కూర్చుని, బీరు బాగుచెయ్యడం ఒక్కటి తప్ప అన్ని మార్గాలూ పరిశీలించారు. ఇకమీదట షిఫ్టుకు మూడు గ్లాసులు తాగి తీరాలని తేల్చారు. తాగినట్టు కార్డుకు చిల్లు కొట్టించుకోవాలి.

కాజ్ మేయరాఫీసుకు వెళ్ళాడు.

"మా తాత ఈ బీరు కోసం సమ్మె చేశాడండీ."

"ఆ స్ఫూర్తే కావాలయ్యా ఈ తరానికి."

"మేం ఇది తాగకుండా ఉండటానికి చేస్తాం."

మేయర్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఊరికే ఇస్తామంటే సమ్మెకు దిగే కార్మికుణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

మర్నాడు "ఉచిత బీరు మాకొద్దు" అనే అట్టలతో గేటు ముందు నిలబడ్డారు. ఎదురు బారులోంచి ఒక ముసలాయన రోడ్డు దాటి వచ్చాడు.

"ఒరే కాజ్, మీ తాత వింటే మళ్ళీ చస్తాడురా."

"ఒక్క గ్లాసు తాగి ఆ మాట అను."

ముసలాయన తాగాడు. మూతి తుడుచుకున్నాడు. తర్వాత ఒక అట్ట అందుకున్నాడు.

ఆరో రోజు మేయర్ గారు రాజీకి వచ్చారు. కాజ్ ఒకే షరతు పెట్టాడు: "జనం ముందు మీరొక్క గ్లాసు తాగండి, అడుగంటా. రేపట్నుంచి మేం రోజూ మూడు తాగుతాం, నోరెత్తం. తాగకపోతే ఆ నిబంధన రద్దు."

"తాగేస్తే మన గతేంట్రా?" అన్నాడు హెర్బ్.

"ముక్కు మూసుకుని రెండేళ్ళు తాగుతా. గేటు తెరిచి ఉంటే అదే పదివేలు."

జూలై ఎండ. బ్యాండు మేళం, పొయ్యిల మీద సాసేజులు. గ్లాసు కాజే నింపాడు. మేయర్ గారు దాన్ని పైకెత్తి మాట్లాడటం మొదలుపెట్టారు. కంపెనీ పెట్టిన గ్రుండెల్ ముత్తాత ఓడ దిగడం, ఊరి సరస్సులో మంచు కోసి బీరు మాగే నేలమాళిగ చల్లబరచడం, తమ నాయనమ్మ పొదుపు, అన్నీ అయ్యాయి. నలభై నిమిషాలు. కాజ్ కళ్ళు నురుగు మీదే ఉన్నాయి. తాత బీరులో నురుగు ప్రార్థన చెప్పుకునేలోపు వేలెడు దిగేది. ఇది సున్నం కొట్టిన గోడలా నిలబడే ఉంది.

చివరికి మేయర్ గారు గ్లాసు ముక్కుదాకా తెచ్చారు. ఆగారు. అనుభవం అక్కరకొచ్చేది అలాంటప్పుడే.

"ఇది తాగే వస్తువా సోదరులారా? ఇది మన చరిత్ర. చరిత్రను తాగేస్తామా? కాపాడుకుంటాం."

చప్పట్లు పడ్డాయి. గ్లాసు మ్యూజియం వాళ్ళకు అందింది.

"తాగలేదురా. గెలిచాం" అన్నాడు హెర్బ్.

నిజమే. మూడు గ్లాసుల నిబంధన సాయంత్రానికల్లా రద్దయింది. ఊరు కూడా మేయర్ గారి మాట శిరసావహించింది. ఏ బారులో ఎవరూ గ్రుండెల్ సీసా మూత తియ్యలేదు, కాపాడారు. పదహారు నెలలకు గేటుకు తాళం పడింది. కాజ్ సర్వీసు ఇరవై తొమ్మిదేళ్ళ నాలుగు నెలల దగ్గర ఆగింది.

మేయర్ గారు దయామయులు. కాజ్‌కు మ్యూజియంలో గాజుపెట్టె తుడిచే పని ఇప్పించారు. పెట్టెలో ఆ గ్లాసు, కింద ఇత్తడి పలక: "మేయర్ టీట్జ్ కాపాడిన గ్రుండెల్ బీరు."

మొన్న ఒక పొరుగూరి ఆవిడ వంగి చూసి, "నురుగు భలే చేశారండీ, మైనమా?" అంది.

"కాదమ్మా, బీరే. నేనే పోశాను."

"ఈ పొద్దునేనా?"

కాజ్ గుడ్డ భుజాన వేసుకున్నాడు.

"ఈ జూలైకి ఆరేళ్ళు."