కుర్చీలో తోడుపిండి

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో, కుళాయి ఫిర్యాదుల స్వీకరణ కార్యాలయంలో, సీనియర్ అసిస్టెంటు పలివెల భీమశంకరం స్థానంలో ఒక జాడీడు పులిసిన మైదాపిండి విధులు నిర్వహిస్తోంది. దీనికి ఎవరూ సిఫారసు చేయలేదు, ఎవరి చేతులూ తడపలేదు. అంతా నిబంధనల ప్రకారమే జరిగింది.

ఆ పిండి భీమశంకరం భార్య మాణిక్యానిది. పిల్లలు స్థిరపడ్డాక ఊసుపోక ఆమె బేకరీ పని నేర్చుకుంది. మైదా, నీళ్ళు కలిపి, గాలి తగిలేలా మూత వదులుగా పెట్టి, అది దానంతటదే పులిసేదాకా ఓపిగ్గా సాకింది. బేకరీవాళ్ళు దాన్ని సవర్‌డో స్టార్టర్ అంటారు. పాలకు తోడు ఎలాగో రొట్టెకు ఇది అలాగ కాబట్టి మాణిక్యం దాన్ని తోడుపిండి అనేది. పొద్దునా సాయంత్రం కాస్త పాత పిండి తీసేసి, కాస్త కొత్త మైదా, నీళ్ళు పెడితే బుడగలు వేస్తూ పొంగుతుంది. ఆకలేస్తే కిందికి దిగిపోతుంది. అమలాపురంలో చెల్లెలికి ఆపరేషన్ అయి, మాణిక్యం అక్కడికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు జాడీని భర్త చేతిలో పెట్టింది.

"వేళకి పెట్టకపోతే చచ్చిపోద్దండి. మీరు ఎక్కడికెళ్తే అక్కడికి తీసుకెళ్ళండి," అంది.

భీమశంకరం ఆఫీసుకు తీసుకెళ్ళాడు. బల్ల మీద ఫిర్యాదుల కట్టలుండటంతో జాడీని తన కుర్చీలో పెట్టి, టీ తాగడానికి బయటికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి వచ్చాడు. హాల్లో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. అధికారి ఆ కుర్చీ ముందు నిలబడి పేరు అడిగాడు. పిండి ఒక బుడగ వదిలింది. ఆయన తన నివేదికలో, 'స్థానంలో ఉన్నారు, పనిలో నిమగ్నమై ఉన్నారు, ఎదుగుదల కనిపిస్తోంది' అని రాసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సూపరింటెండెంటు వసంతకుమారి భీమశంకరాన్ని పిలిచి కూర్చోమంది. ఆమె ఎవరినీ నొప్పించే మనిషి కాదు.

"శంకరం గారూ, మీ కుర్చీలో ఉన్నవారు డ్యూటీలో ఉన్నట్టు పైకి రిపోర్టు వెళ్ళిపోయిందండి. ఒక కుర్చీకి ఇద్దరుండడానికి వీల్లేదు."

"ఆ కుర్చీ నాదేనండి."

"నేను కాదనట్లేదండి. కానీ ఆ టైముకి మీరెక్కడున్నారు?"

"టీ కొట్టు దగ్గరండి."

"మరదేనండి," అంది వసంతకుమారి, ఎంతో బాధగా.

అలా పిండి కొనసాగింది. భీమశంకరాన్ని దాని సంరక్షకుడిగా నియమించారు. పొద్దున వచ్చి కుర్చీలో సరిగ్గా కూర్చోబెట్టాలి, మేత పెట్టాలి, సాయంత్రం మళ్ళీ మేత పెట్టి తలుపు వేయాలి. మధ్యలో అతనితో పనిలేదు. జీతం అతని ఖాతాలోనే పడేది, పిండికి ఖాతా లేదు కాబట్టి.

చిక్కు ఒక్కచోటే వచ్చింది. మేత పెట్టే ముందు పాత పిండి తీసేయకపోతే జాడీ పొర్లుతుంది. తీసిన భాగాన్ని పారేస్తే, విచారణ జరపకుండా ఉద్యోగిలో కొంత భాగాన్ని తొలగించినట్టు అవుతుంది. వేరే గిన్నెలో ఉంచితే మంజూరు కాని పోస్టులో మరో ఉద్యోగిని పెట్టుకున్నట్టు అవుతుంది. వసంతకుమారి బాగా ఆలోచించి, తీసిన భాగం సెలవు మీద ఇంటికి వెళ్ళినట్టు పరిగణించమంది. సెలవులో ఎవరు ఏం చేసుకుంటారన్నది ఆఫీసు అడగదు.

మాణిక్యం అమలాపురం నుంచి వచ్చి, వంటగది గట్టు చూసి, "నా పిండేదండీ?" అంది.

"డ్యూటీలో ఉంది."

విషయమంతా విని ఆమె చీర మార్చుకుని నేరుగా ఆఫీసుకు వెళ్ళింది. తన పిండి తనకిచ్చేయమని అడిగింది. వసంతకుమారి ఆమెకు మంచినీళ్ళిచ్చి, ఉద్యోగం మానాలంటే రాజీనామా పిండే స్వయంగా సమర్పించాలని, ఇంటివాళ్ళు వచ్చి తీసుకెళ్తామంటే కుదరదని వివరించింది. మాణిక్యం కుర్చీ దగ్గరకు వెళ్ళింది. పిండి నున్నగా, నిండుగా, జాడీ అంచుదాకా పొంగి ఉంది. కొంగుతో జాడీ అంచు తుడిచింది.

"ఇంట్లో ఎప్పుడూ ఇంత పొంగలేదండి," అంది. ఆమె గొంతులో కొంచెం దిగులూ, అంతకంటే ఎక్కువ గర్వమూ ఉన్నాయి. సెలవు భాగాన్ని స్టీలు గిన్నెలో పెట్టించుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ రోజే ఆమె భర్తకు ఆపిల్ బూరెలు చేయడం నేర్పింది. ఉద్యోగంలో చేరాక భీమశంకరం పొయ్యి వెలిగించింది లేదు. ఆపిల్ పళ్ళ చెక్కు తీసి చిన్న ముక్కలు కోయించింది. వెన్నలో పంచదార, దాల్చినచెక్క పొడి వేసి ఆ ముక్కల్ని మగ్గించమంది. నీరంతా ఇగిరేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలొద్దంది. ముక్కల్లో నీరుంటే పిండి జారిపోయి నూనెలో విడిపోతుంది. తోడుపిండిలో మైదా, కాస్త పెరుగు, కరిగిన వెన్న, పంచదార, చిటికెడు ఉప్పు వేసి గరిటెజారుగా కలిపి గుడ్డ కప్పి ఉంచారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే గిన్నె నిండా బుడగలు. చల్లారిన ముక్కల్ని అందులో మెల్లగా కలిపి, చేత్తో కాస్త కాస్త తీసి నూనెలో వదిలారు.

"మంట తగ్గించండి. పైన ఎర్రగా అయిపోయి లోపల పచ్చిగా ఉండిపోద్ది," అంది మాణిక్యం.

భీమశంకరం మంట తగ్గించి, ఒక్కోదాన్నీ తిప్పుతూ, వేగిన వాటిని చిల్లుల గరిటెతో తీశాడు. పాలలో కలిపిన పంచదార పొడిని వేడి మీదే పోస్తే, అది ఆరి సన్నటి పొరలా పట్టింది. కొరికితే పైన కరకరలాడింది, లోపల మెత్తగా, తీపి వెనకాల ఒక చిన్న పులుపు తగిలింది. పొద్దున మొదలుపెట్టిన పని సాయంత్రానికి పూర్తికావడం అతనికి కొత్త. రెండో వాయి వేస్తున్నప్పుడు తెలియకుండానే కూనిరాగం తీశాడు. పెళ్ళైన కొత్తలో తప్ప మాణిక్యం ఆ రాగం వినలేదు.

బూరెలు ఆఫీసుకు కూడా వెళ్ళాయి. ముక్క బయటికి కనిపిస్తోంది కాబట్టి బజ్జీలనాలని కొందరు, తీపి కాబట్టి బూరెలేనని కొందరు వాదించుకుని, నాలుగింటి టీతో అన్నీ తినేశారు. తింటున్నది తోటి ఉద్యోగినేనన్న సంగతి అందరికీ తెలుసు. అతను చాలా మంచివాడని అందరూ ఒప్పుకున్నారు.

ఫిర్యాదుదారులు కూడా సంతోషించారు. వెనక వీధి నూకరత్నం తన కుళాయికి నీళ్ళు రావడం లేదని ఎప్పటినుంచో తిరుగుతోంది. కుర్చీలో జాడీ ఉండటం చూసి ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. మొదటినుంచీ అంతా చెప్పింది. పిండి మధ్యలో ఫోను చూసుకోలేదు, రేపు రమ్మనలేదు, అరవలేదు. చివర్లో ఒక బుడగ వదిలింది.

"ముందున్న బాబు కంటే ఈ బాబే నయమండి," అంది నూకరత్నం వసంతకుమారితో. "చెప్పుకుంటే గుండె తేలికైపోయింది."

కుళాయి సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు, కానీ వారం వారం వచ్చి చెప్పుకుని వెళ్ళేది.

దసరాకు ఆఫీసు మూసేశారు. జాడీ లోపలే ఉండిపోయింది. మేత లేక పిండి చచ్చిపోతే ఖాళీ ఏర్పడుతుందని, అప్పుడు భీమశంకరం మళ్ళీ తన కుర్చీలో కూర్చోవచ్చని పక్క సీటు అబ్బులు ఇంటికొచ్చి చెప్పాడు. భీమశంకరానికి ఆ కుర్చీలో పుట్టిన నడుంనొప్పి, ఎవరికీ ఎప్పుడూ పూర్తి జవాబు చెప్పకుండా గడిపిన రోజులు గుర్తొచ్చాయి. మర్నాడు పొద్దునే వాచ్‌మన్‌ను బతిమాలి తాళం తీయించి, మైదా, నీళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళాడు. పిండి కిందికి దిగి, పైన నీరు తేలి ఉంది.

"ఉన్నాలే, ఉన్నాలే," అంటూ మేత కలిపాడు.

పండగయ్యాక అబ్బులే ముందుగా ఒక ఖాళీ జాడీ తెచ్చాడు. సెలవు భాగంలో తనకు కొంచెం ఇవ్వమన్నాడు. తరవాత మిగతావాళ్ళూ తెచ్చారు. సంక్రమించిన గుణగణాలు ఒకటే కాబట్టి కొత్తగా నియామకాలు అక్కరలేదని వసంతకుమారి తేల్చింది, ఆఖరున తన జాడీ కూడా తెచ్చుకుంది. ఇప్పుడు ఆ హాల్లో కుర్చీ కుర్చీకీ ఒక జాడీ ఉంటుంది. ఎవరూ ఎవరి మీదా చాడీలు చెప్పుకోరు. ఆ ఆఫీసు ఉత్తమ కార్యాలయంగా ఎంపికైంది. ఉద్యోగులు ఇళ్ళ దగ్గర బూరెలు వేసుకుంటున్నారు, కొందరు అరటిపండుతో కూడా ప్రయత్నిస్తున్నారు.

వేసవి మొదట్లో ఒక పొద్దున భీమశంకరం ఇంటి కుళాయికి నీళ్ళు ఆగిపోయాయి. అతను చొక్కా ఇస్త్రీ చేసుకుని ఆఫీసుకు వెళ్ళి, వరసలో నూకరత్నం వెనక నిలబడ్డాడు. తన వంతు వచ్చాక పాత కుర్చీకి ఎదురుగా కూర్చుని, నీళ్ళు ఎప్పటినుంచి రావట్లేదో, ఇంట్లో ఎంత ఇబ్బందిగా ఉందో నిదానంగా చెప్పాడు. పిండి అంతా విని కొద్దిగా పొంగింది. అతనికి మనసు కుదుటపడింది. దణ్ణం పెట్టి లేచాడు.

ఇంటికొచ్చేసరికి మాణిక్యం ఆపిల్ ముక్కలు కోస్తోంది.

"ఏమన్నారండీ?"

"విన్నారు."

"బాగా విన్నారా?"

"చాలా బాగా విన్నారు."

"పోన్లెండి," అంది మాణిక్యం తృప్తిగా, ఖాళీ నీళ్ళ క్యాను అతని చేతికిస్తూ. "వీధి చివర కొట్టు తీసే ఉంటాడు. పిండి కలపాలి, తొందరగా వచ్చేయండి."