దొరదొంగ కోటు

దొరదొంగ సినిమాలు మీరు చూసే ఉంటారు. సూటూ బూటూ వేసుకుని, ఆడవాళ్ల చేతిని ముద్దు పెట్టుకుని, అదే చేతి నుంచి ఉంగరం కాజేసే పెద్దమనిషి కథలు. ముఖం హీరోది. ఇనప్పెట్టెలు తెరిచే ఆ నాజూకు చేతులు మాత్రం నావి. ఇన్ని సినిమాలు చేసినా హాలీవుడ్‌లో నన్ను గుర్తుపట్టినవాడు లేడు.

కొత్త సినిమాలో నా అదృష్టం మణికట్టు దాటింది. దొరదొంగ మేడ మీద నుంచి దిగి పారిపోయే చోట, హీరో బదులు నన్ను వెనక నుంచి నిలువెత్తున చూపిస్తారట. షరతు ఒక్కటే. సోమవారం హీరో కోటు నాకు అతికినట్టు సరిపోవాలి. లేకపోతే ఆ వేషం ఇంకొకడికి.

తెర మీద హీరో చీపురుపుల్ల. నాకేమో కాస్త బొజ్జ. వెంటనే ఉడికించిన గుడ్లూ, పంపరపనస తొనలూ మొదలుపెట్టాను.

మా ఆవిడ ఎడ్నా పనిచేసేదీ మా స్టూడియోలోనే. కెమెరా పక్కన కూర్చుని, నిన్న గ్లాసు ఎక్కడుంది, సిగరెట్టు ఎంత కాలింది గుర్తుపెట్టుకుని, ఇవాళా అలాగే ఉండేట్టు చూడడం ఆమె పని. అలాంటి మనిషితో కాపురం ఎంత సుఖమో పెళ్లయిన మగాళ్లకు చెప్పక్కర్లేదు.

"ఎన్నాళ్లు ఈ ఉపవాసం?" అంది.

"కోటు పట్టేదాకా!"

"శభాష్! అయితే ఇవి నీ కంట పడకూడదు" అంటూ పెద్ద చాక్లెట్ల పెట్టె నా ముక్కు కింద నుంచే తీసుకెళ్లి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది. "ముట్టుకున్నావో, చూడు!"

ఆదివారం మధ్యాహ్నం ఆమె చర్చి ఆడవాళ్ల సమావేశానికి వెళ్లింది. నేను తెల్ల గ్లౌజులు తొడుక్కున్నాను.

తాళం ముందు వేళ్లు ఆడించాను. స్టూడియోలో అయితే, నేను ఇలా ఆడించగానే పెట్టె వెనక నక్కిన వడ్రంగి గస్ తలుపు తోసేస్తాడు. ఇక్కడ వెనక గోడ తప్ప ఎవరూ లేరు. చివరికి వెన్న రాసే కత్తితో తలుపు బందుల మరలు ఊడదీశాను. ఒక్కటే తిందామనుకున్నాను. పై వరస అలాగే ఉంచి, కింద వరసలన్నీ ఊడ్చేశాను. మరలు బిగించి, చేతులకు గ్లౌజులున్నా సరే, వేలిముద్రలు కూడా తుడిచాను.

ఎడ్నా వచ్చి, టోపీ అయినా తియ్యకుండా గదంతా ఒకసారి చూసింది.

"హోమర్, ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదే!"

"ఆ కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉండేది. మరల మీద గీతలు నిలువుగా ఉండేవి, అడ్డం తిరిగాయి. అవన్నీ సరే, చాక్లెట్ల పెట్టె మీద ఆ తెల్ల గులాబీ ఏమిటి?"

ప్రతి సినిమాలోనూ దోచుకున్న చోట దొరదొంగ ఒక తెల్ల గులాబీ వదిలిపోతాడు. పాడు చేతులు! అలవాటు కొద్దీ పూలకుండీలోంచి ఒకటి తీసి, నాతో మాటైనా చెప్పకుండా పెట్టేశాయి.

"నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నాను, ఎడ్నా! రేపు ఆ కోటు పట్టదు. జీవితంలో ఒక్కసారి చేతులుగా కాక మనిషిగా కనబడదామనుకున్నాను" అని కుర్చీలో కూలబడ్డాను. నిజంగానే ఏడుపొచ్చింది.

ఆమె కోప్పడలేదు. పెట్టె తెరిచి చూసి, "ఇంతేనా? పై వరస వదిలేశావేం?" అంది.

"అదేమిటి?"

"పిచ్చివాడా, మీ హీరో ఈ మధ్య పీపా అయ్యాడు. నాకూ దర్జీకీ తప్ప ఎవరికీ తెలియదు. అందుకే అతన్ని పియానో వెనకా, సోఫా వెనకా నిలబెట్టి తీస్తున్నారు. మేడ మీద పీపా, కిందికి దిగేసరికి చీపురుపుల్ల అయితే నా ఉద్యోగం ఏం కావాలి?"

"మరి తినమని చెప్పొచ్చుగా!"

"చెప్తే తింటావా? పెళ్లయినప్పటి నుంచీ నేను చెప్పింది ఒక్కటైనా చేశావా? వద్దన్నవి మాత్రం ఎంత శ్రద్ధగా చేస్తావో! సరే, ఇప్పుడు తిను."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

సోమవారం కోటు నడుం దగ్గర ఇంకా వదులే. దర్జీ జాలిపడి, "గురువారం మళ్లీ రండి" అన్నాడు. ఇంటికి రాగానే ఎడ్నా అంతకన్నా పెద్ద పెట్టె తెచ్చి బీరువాలో పెట్టి, ఈసారి రెండు తాళాలు వేసింది.

"ముట్టుకున్నావంటే చంపేస్తాను" అంది.

అంతా తెలిసి కూడా, ఆమె ఎప్పుడు బయటికి వెళ్తుందా అని చూస్తూ కూర్చున్నాను.