టక్కుమనని కెమెరా

"పట్టణ ప్రజలకు శుభవార్త. మన పురపాలక సంఘం పాత కెమెరాకు సెలవిచ్చి, ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాకు మారినట్లు సంతోషంతో తెలియజేయడమైనది. ఈ మార్పు వల్ల ప్రజలకు కలిగే లాభాలు పరిశీలనలో ఉన్నాయి. అవి తేలేవరకు లాభం కలిగినట్లే భావించి సహకరించవలసిందిగా కోరడమైనది."

ఈ ప్రకటన రాసింది నేనే. సంఘం ప్రచార విభాగంలో పద్దెనిమిదేళ్ళుగా ఇవే రాస్తున్నాను. కుళాయిలు ఎండిపోయిన వారాన్ని నీటి పొదుపు వారోత్సవంగా, వీధి దీపాలు వెలగని నెలను విద్యుత్ ఆదా మాసంగా మార్చిన చెయ్యి ఇది. కాబట్టి నేను చెప్పేదాంట్లో పొల్లు మాట ఉండదని మీరు నమ్మవచ్చు.

కెమెరా ఎందుకు మార్చామంటే, వెనకవాళ్ళ కోసం. పొరుగూరి చైర్మన్‌గారి ఫొటో ఒకటి మా చైర్మన్‌గారి కంటబడింది. అందులో ఆయనొక్కరే చెక్కినట్టు కనిపిస్తున్నారు. వెనక నిలబడ్డ పదిమందీ తడిగుడ్డతో తుడిచినట్టు మసకలో కలిసిపోయారు. మా ఫొటోలు అలా ఉండవు. మా పాత కెమెరా ముందున్నవారినీ వెనకున్నవారినీ ఒకే కంటితో చూసేది. వైస్ చైర్మన్‌గారి మీసం వెంట్రుకలతో సహా తెలిసేది. ఒకే ఫొటోలో రెండు మొహాలు స్పష్టంగా కనిపిస్తే పాలన ఎలా సాగుతుంది?

సర్వసభ్య సమావేశంలో చైర్మన్‌గారు ఈ బాధను సభ ముందు పెట్టారు. "సోదర సభ్యులారా! నాయకుడనేవాడు ముందుకు పోతుంటే వెనకవాళ్ళు మసకబారడం ప్రకృతి ధర్మం. మన కెమెరా పదేళ్ళుగా ప్రకృతికి ఎదురు తిరిగి పనిచేస్తోంది. ఇక సహించేది లేదు. ఇదంతా నాకోసమా? కాదు. నేను మీ అందరిలో ఒకణ్ణి. ఆ ఒకణ్ణి కాస్త స్పష్టంగా కనబడనివ్వండి, అంతే నేనడిగేది!" అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది వైస్ చైర్మన్‌గారే. తీర్మానం ఏకగ్రీవమైంది. ఆసుపత్రి వెనక వీధి మురుగు కాలువ సంగతి మాత్రం సమయం చాలక వాయిదా పడింది. అలా పడటం అది తొమ్మిదోసారి.

పాత కెమెరా గురించి ఒక మాట చెప్పాలి. దాని కడుపులో, కొత్త మిర్రర్‌లెస్‌లో లేని చిన్న అద్దం ఉండేది. ఫొటో తీసినప్పుడల్లా ఆ అద్దం లేచి పడేది. అప్పుడు 'టక్' మని వినిపించేది. మామూలు జనానికి అదొక చప్పుడు. మాకది ఉత్తర్వు. టక్కుమనేవరకు చీపురు చైర్మన్‌గారి చేతిలో ఉండేది, టక్కుమనగానే ఊడ్చే ఆమె చేతిలోకి వెళ్ళేది. టక్కుమనేవరకు ఆయన చెయ్యి రోగి భుజం మీద ఉండేది, ఆ తర్వాత జేబురుమాలులో ఉండేది. పరామర్శకు వెళ్ళినచోట కన్నీరు కూడా ఆ టక్ దగ్గరే ఆగిపోయేది. సేవ ఎక్కడ ముగిసిందో అక్కడున్న అందరికీ ఒక్కసారే తెలిసిపోయేది.

ఆ చప్పుడును అందరికంటే ఎక్కువ నమ్ముకుని బతికింది మా కుట్టు మిషన్. మహిళా ఉపాధి పథకం కింద ఆరేళ్ళ కిందట తెచ్చాం, ఒకటే. దాన్ని ఇప్పటికి పద్నాలుగు మందికి ప్రదానం చేశాం. చైర్మన్‌గారు ఒక పక్క, లబ్ధిదారు ఒక పక్క మిషన్ పట్టుకుని నవ్వుతూ నిలబడతారు. టక్ మంటుంది. వెంటనే స్టోర్‌కీపర్ ముందుకొచ్చి, "తనిఖీ చేసి పంపిస్తామమ్మా" అని మిషన్ అందుకుంటాడు. ఆ పద్నాలుగు మందీ ఇంకా తనిఖీ కోసం ఎదురుచూస్తున్నారు. ఈ పద్ధతిలో ఒరిగిన మేలు తక్కువేమీ కాదు. ఆరేళ్ళయినా మిషన్ మీద ఒక్క గీత పడలేదు.

పదిహేనో లబ్ధిదారు ఆసుపత్రి వెనక వీధిలో ఉండే దర్జీ. రెండు గదుల ఇల్లు, తనూ అత్తా. వాళ్ళ పాత మిషన్ ఇరుసు విరిగి మూలబడింది. ఆసుపత్రివాళ్ళు అరవై దిండు గలీబులు కుట్టమని గుడ్డ ఇచ్చారు. నెలాఖరుకి అందకపోతే ఆ పని ఇంకొకరికి వెళ్ళిపోతుంది, మళ్ళీ పిలవరు. మా కార్యాలయానికి వచ్చినప్పుడు ఆమె వేళ్ళ నిండా సూది పోట్లే.

"చేత్తో రోజుకి నాలుగు కూడా అవట్లేదండీ. మిషన్ ఎప్పుడిస్తారు?" అని అడిగింది.

గురువారం పదకొండింటికి ఇస్తామన్నాను. ఎంతసేపు ఇస్తారని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

మా ఫొటోగ్రాఫర్‌ను మేమంతా బాబాయ్ అంటాం. ఇరవై ఏడేళ్ళ సర్వీసు. ఆ పద్నాలుగు టక్కులూ ఆయన వేలు నొక్కినవే. కొత్త కెమెరా చేతికిచ్చిన రోజున అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకటి రెండు ఫొటోలు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"దీనికి చప్పుడే లేదేంట్రా?" అన్నాడు నాతో.

"అదే దీని గొప్పతనమట బాబాయ్."

కెమెరా దించాడు. "అయితే ఫొటో అయిందో లేదో ఇకమీద నేను చెప్తేనే తెలుస్తుందన్నమాట" అన్నాడు. నేనా మాట పట్టించుకోలేదు. అంత పెద్ద పొరపాటు నా సర్వీసులో ఇంకోటి లేదు.

గురువారం సభ నిండింది. చైర్మన్‌గారు వేదికలెక్కేటప్పుడు పెట్టుకునే నల్ల కళ్ళద్దాలతో వచ్చి, మైకు ముందు గొంతు సవరించుకున్నారు. "అమ్మా! దీన్ని మిషన్ అనుకోకు. ఇది నా గుండె. నా గుండెను తీసి నీ చేతుల్లో పెడుతున్నాను!" అన్నారు. గుండె పన్నెండు కిలోలుంటుంది. మిషన్ చెక్క పీటకు ఒక చివర చైర్మన్‌గారు, ఇంకో చివర దర్జీ పట్టుకుని పైకెత్తారు. ఇద్దరూ నవ్వారు. బాబాయ్ కెమెరా కంటికి ఆనించాడు.

హాలంతా చెవులు రిక్కించింది. ఏమీ వినపడలేదు.

ఒక నిమిషం గడిచింది. చైర్మన్‌గారి నవ్వు అంచుల దగ్గర వణకసాగింది. పెదాలు కదలకుండా, "అయిందా?" అన్నారు.

"ఇంకా అవలేదు సార్."

స్టోర్‌కీపర్ ఒక కాలు ముందుకు వేసి ఆగిపోయాడు. టక్ వినకుండా మిషన్ ముట్టుకునే అధికారం అతనికి లేదు. నియమం తప్పే మనిషి కాదు. అయిదు నిమిషాలైంది. వైస్ చైర్మన్‌గారి నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు, ఆయన ఏమీ మోయడం లేదు.

చేతులు పీకుతున్నాయేమో, దర్జీ బాబాయ్ వైపు తిరిగింది. "అన్నా, మరి నేను ఇంటికి వెళ్ళొచ్చా?"

"వెళ్ళమ్మా. నేను తీస్తూనే ఉంటాగా" అన్నాడు బాబాయ్, కన్ను కెమెరా నుంచి తియ్యకుండా.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఇప్పుడు చైర్మన్‌గారి పరిస్థితి ఆలోచించండి. వదిలేస్తే మిషన్ పేదరాలి కాళ్ళ మీద పడుతుంది. లాగితే పేదరాలి చేతిలోంచి మిషన్ లాక్కుంటున్న ఫొటో పడుతుంది. ఈ రెండూ ఆయన ఒక్క క్షణంలో బేరీజు వేసుకున్నారు. ఊరికే చైర్మన్లు అవరు. నవ్వు చెదరకుండా వేదిక మెట్లు దిగారు.

అలా ఊరేగింపు బయలుదేరింది. ముందు వెనక్కి నడుస్తూ బాబాయ్, తర్వాత మిషన్‌కు చెరోవైపు ఆ ఇద్దరూ, వెనక మేమంతా. సంత వీధి దాటాం, మందుల షాపు దాటాం. ప్రతి మలుపులోనూ చైర్మన్‌గారు పళ్ళ సందుల్లోంచి "అయిందా?" అంటారు, బాబాయ్ "ఇంకా అవలేదు సార్" అంటాడు. తొమ్మిదిసార్లు వాయిదా పడ్డ మురుగు కాలువ ఆసుపత్రి వెనక వీధి మొదట్లోనే ఉంది. చైర్మన్‌గారు దాన్ని మొట్టమొదటిసారి స్వయంగా పరిశీలించారు, మోకాలి దాకా.

దర్జీ ఇంటి గుమ్మంలో ఆమె అత్త నిలబడి ఉంది. చూపు ఆనని మనిషి, మోసేది ఎవరో పోల్చుకోలేదు.

"అక్కడొద్దు నాయనా, ఇటు కిటికీ దగ్గర పెట్టు. వెలుతురొస్తుంది. మెల్లిగా, గోడకు తగిలిస్తావు!" అంది.

చైర్మన్‌గారు కిటికీ దగ్గర పెట్టారు. ఆయన ప్రజాజీవితంలో ఒక వస్తువు చెప్పినచోట చేరడం అదే మొదటిసారి. దర్జీ స్టూలు లాక్కుని కూర్చుని సూదిలోకి దారం ఎక్కించింది. సరిగ్గా అప్పుడు కెమెరా బ్యాటరీ చచ్చిపోయింది. కొత్త కెమెరాకు ఉన్న ఒకే ఒక లోపం అదేనట, బ్యాటరీ తొందరగా తినేస్తుంది. "ఇప్పుడైంది సార్" అన్నాడు బాబాయ్. చైర్మన్‌గారి మొహంలో నవ్వు తీసేసినట్టు పోయింది. వెనకే వచ్చిన కారెక్కారు. మిషన్ అందుకోవడానికి స్టోర్‌కీపర్ లేడు. అతను ఇంకా వేదిక పక్కనే టక్ కోసం నిలబడి ఉన్నాడు.

సాయంత్రం ఫొటోలు చూశాం. రెండువేల మూడువందల పదహారు. ఈ కెమెరాకు ఇంకో సుగుణం ఉంది. ఎదురుగా కన్ను ఎక్కడుందో వెతికి పట్టుకుని, దాన్నే స్పష్టంగా తీస్తుంది. చైర్మన్‌గారి కళ్ళు నల్లద్దాల వెనక ఉన్నాయి. అందుచేత అన్ని ఫొటోల్లోనూ దర్జీ రెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి. మిషన్‌కు అవతల ఉన్న చైర్మన్‌గారు వెనకవాళ్ళలో కలిసిపోయారు. ఆయన మసకకూ వైస్ చైర్మన్‌గారి మసకకూ తేడా కనిపెట్టడానికి చొక్కా రంగు చూడాల్సి వచ్చింది. వైస్ చైర్మన్‌గారు ఒక ఫొటోను పెద్దది చేయించి, పటం కట్టించి ఇంట్లో పెట్టుకున్నట్టు తెలిసింది.

మొదటి ఫొటో మొదటి క్షణంలోనే అయిపోయిందని కెమెరాలో గంట, నిమిషం, సెకనుతో సహా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పావని బాబాయ్‌కి మెమో ఇచ్చారు. జవాబు ఆయన సొంతంగా రాశాడు, నన్ను రాయనివ్వలేదు: "చప్పుడు వినపడనందున ఫొటో అయినట్టు నాకూ తెలియలేదు. పద్నాలుగుసార్లు ఆ చప్పుడు విని, ఆ తర్వాత జరిగింది చూసి ఉన్నాను. ఇక వినకపోయినా ఫరవాలేదు." ఆయన్ను జనన మరణాల విభాగంలో పాత రిజిస్టర్ల దుమ్ము దులిపే పనికి మార్చారు. కొత్త కెమెరాలోనూ చప్పుడు ఉంటుందని, ఎవరో ఒక మీట నొక్కి దాన్ని ఆపి ఉంచారని తర్వాత తేలింది. దాన్ని వీలైనంత గట్టిగా పెట్టించాం. ఇప్పుడది ఇటుక పగిలినట్టు వినిపిస్తుంది.

ఊరేగింపు జరిగిన మర్నాడు పదింటికి మిషన్ తేవడానికి స్టోర్‌కీపర్, డ్రైవర్, నేను వెళ్ళాం. మిషన్ ఆమెకు ముట్టినట్టు సంతకం తీసుకునే పని నాది. వెనక్కి తీసుకోవడం కార్యక్రమం కిందకి రాదు కాబట్టి కెమెరా తీసుకెళ్ళలేదు. కిటికీ దగ్గర కుట్టిన గలీబులు దొంతరగా ఉన్నాయి. ముప్ఫై ఎనిమిది. ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, మొహంలో మాత్రం వెలుగుంది.

"ఇరవై రెండే మిగిలాయండీ. సాయంత్రం దాకా ఉంచండి. నేనే మోసుకొచ్చి అప్పజెబుతాను" అంది.

"తనిఖీ చెయ్యాలమ్మా" అన్నాడు స్టోర్‌కీపర్.

ఆమె మిషన్‌ను రెండు చేతులా పట్టుకుంది. డ్రైవర్ ఇంకో పక్క పట్టుకుని లాగాడు. అరుపులు విని వీధంతా గుమ్మంలోకి వచ్చింది. నాకు నిజంగా భయమేసింది. మేము ముగ్గురం, వాళ్ళు నలభై మంది. ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకున్నవాళ్ళు, పిల్లల గౌన్లు కుట్టించుకున్నవాళ్ళు. గట్టిగా ఒక్కడు "ఆగండి" అంటే చాలు, మేము చేతులు దులుపుకుని వచ్చేసేవాళ్ళం. వాళ్ళంతా ఒక్కసారి చేతులెత్తారు. ప్రతి చేతిలోనూ ఒక ఫోను ఉంది.

"ఒక్కరైనా ఆ ఫోను కింద పెట్టి, ఇటొచ్చి ఒక చెయ్యి వెయ్యండమ్మా!" అని అరిచింది ఆమె.

ఎవరూ కదల్లేదు. కదిలితే వీడియో చెదురుతుంది. ముందు వరసలో ఒకాయన మాత్రం చాలా జాలిగా అన్నాడు: "కాస్త ఇటు తిరుగమ్మా, మొహం మీద వెలుతురు పడట్లేదు."

మిషన్ వ్యానెక్కింది. సంతకం నేనే పెట్టేశాను, ఆమె రెండు చేతులూ ఇంకా వ్యాను తలుపు పట్టుకునే ఉన్నాయి. మిగిలిన ఇరవై రెండు గలీబులు నెలాఖరుకి అందలేదు, పని ఇంకొకరికి వెళ్ళిపోయింది.

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. చూసినవారి సంఖ్య మా పట్టణ జనాభాకు మూడింతలుంది. అందులో నా భుజం కనిపిస్తుంది. ఆమె మొహం చాలా స్పష్టంగా వచ్చింది. కింద ఏడుపు బొమ్మలు వేలకొద్దీ ఉన్నాయి. మీది కూడా ఉందేమో చూసుకోండి. మొదట చైర్మన్‌గారు కంగారుపడ్డారు గాని, వారం గడిచినా కార్యాలయం మెట్లు ఒక్కరూ ఎక్కకపోయేసరికి కుదుటపడి, నన్ను పిలిచి ప్రకటన రాయమన్నారు. రాశాను.

"కుట్టు మిషన్ వ్యవహారంలో తమ సానుభూతిని ఇళ్ళ నుంచే, ఎవరికీ ఇబ్బంది కలగకుండా తెలియజేసిన పౌరులందరికీ పురపాలక సంఘం కృతజ్ఞతలు. మిషన్ క్షేమంగా ఉంది. పదహారో లబ్ధిదారుకు వచ్చే గురువారం ప్రదానం చేయబడుతుంది. మీ సహకారం ఎప్పటిలాగే కొనసాగించవలసిందిగా కోరడమైనది."